సున్నా చుట్టని బండి

వీధిలో అందరికీ ఆయన నిదానం మేస్త్రి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కార్లు బాగుచేసే మనిషిని నిదానం అనడం మెచ్చుకోలో వెక్కిరింతో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం ఏ తేడా చూపించకుండా పలికేవాడు.

ఇంటి ముందు భాగమే ఆయన షెడ్డు. పైన రేకులు, మూడు పక్కల గోడలు, వీధి వైపు జాలీ గేటు. వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. ఆయన భార్య పెళ్ళయి వచ్చిన దగ్గర నుంచి ఆ కిటికీ ముందే వంట చేస్తోంది. బడికి వెళ్ళింది నాలుగు అక్షరాలు ముక్కున పట్టేదాకానే. కిటికీ నేర్పిన చదువు మాత్రం కాస్త ఎక్కువే. బెల్టు అరుపు వేరు, బేరింగు అరుపు వేరు అని ఆవిడకి తెలుసు. భోజనానికి కూర్చుంటే ఆయన ఇంటి సంగతులు మాట్లాడేవాడు కాదు. ఆ రోజు వచ్చిన బండికి ఏం జబ్బో, ఎక్కడ దొరికిందో చెప్పేవాడు. ఆవిడ వడ్డిస్తూ వినేది. కొందరు మొగుళ్ళు కథలు చెబుతారు, ఈయన రోగాలు చెబుతాడు అనుకునేది.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. బండి రాగానే పానా పట్టడు. చుట్టూ తిరుగుతాడు. ఆగుతాడు. వంగి వాసన చూస్తాడు. బానెట్ మీద చెవి ఆనిస్తాడు. బండి గలాయన ఎంత తొందరపెట్టినా ఉలకడు, పలకడు. జబ్బు ఎక్కడో తేలాక గూట్లోంచి సుద్దముక్క తీసి ఆ చోటు చుట్టూ సున్నా చుడతాడు. సున్నా చుట్టాకే పానా. సున్నా పడని బండిని విప్పడు, విప్పి సరిచేయని బండిని గేటు దాటనివ్వడు. ఏం కారినా, ఎక్కడ కారినా ఆయన అనే మాట ఒకటే: "నీరు పల్లమెరుగు. దాని వెనకాలే మనం వెళ్ళాలి."

పక్క కొట్టులో టైర్లకి పంక్చర్లు వేసే అతను ఆయనకి తమ్ముడి వరస. అతని నోటికి తాళం లేదు. "వదినని చేసుకునే ముందు కూడా అన్న చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఉంటాడు. ఎక్కడా సున్నా చుట్టడానికి దొరక్కే చేసుకున్నాడు" అనేవాడు.

"దొరికే ఉంటుంది. చెప్పలేదు, అంతే" అనేది ఆవిడ కిటికీలోంచి.

అవి నవ్వుకునే రోజులు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. షెడ్డులోనే పెరిగింది. బొమ్మలకి బదులు నట్లు, బోల్టులు. షెడ్డులో ఒక పిల్లి ఉండేది. వెచ్చగా ఉంటుందని ఇంజను మీదెక్కి ముడుచుకుని పడుకునేది. ఒకరోజు ఎవరో చూడకుండా బండి స్టార్ట్ చేశారు. పిల్లి బతికింది గానీ తోక ఫ్యాను బెల్టులో పోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల దుమ్ముపట్టిన కారు అద్దం కనిపిస్తే చాలు, దాని మీద వేలితో తోకలేని పిల్లిని గీసేది. చెవులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మీసాలు ఒకవైపే. ఎప్పుడు గీసినా అదే పిల్లి, అవే వంకరలు.

"దుమ్ము మీద వేలు పెడితే అద్దానికి గీతలు పడతాయే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని ఆయన గదిమేవాడు.

"పిల్లికి తోక అతికించు నాన్నా, మానేస్తాను."

ఆ పిల్ల పెద్దదయింది, చదువుకుంది, ఆఫీసులో ఉద్యోగం చేసింది. నచ్చినవాణ్ణి చేసుకుంది. అతనూ మంచివాడే, నెమ్మది మనిషి. వాళ్ళకో కూతురు. పిల్లని బడికి దించి తను ఆఫీసుకి వెళ్ళడానికి ఒక పాత కారు కొనుక్కుంది. కొనేముందు తండ్రిని తీసుకెళ్ళి చూపించింది. ఆయన దాని చుట్టూ తిరిగి తిరిగి, "ముసలిదే గానీ మోసం చేసే రకం కాదు" అన్నాడు. ఆ మాటే కూతురికి కంపెనీ వాళ్ళ హామీ కంటే ఎక్కువ.

కొన్నాళ్ళకి ఆ బండిలో కూలెంట్ తగ్గడం మొదలైంది. కూలెంట్ అంటే ఇంజను కాగిపోకుండా రేడియేటర్‌లో పోసే పచ్చనీళ్ళు. కింద చుక్క పడేది కాదు. ఎక్కడా తడి కనిపించేది కాదు. అయినా డబ్బాలో గీత కిందికి దిగిపోయేది. "నాన్నా, దీనికి దాహం ఎక్కువైంది" అని కూతురు నవ్వేది. డిక్కీలో ఒక సీసా పెట్టుకుని పోసుకుంటూ తిరిగేది. ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటే: రెండు రోజులు బండి వదిలిపెట్టి వెళ్ళమని. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అంటూ కూతురు దాటవేసేది. ఉద్యోగం, పిల్ల, ఇల్లు. తీరిక ఎక్కడిది?

ఒక ఆదివారం మాత్రం వచ్చింది. "గంట టైముంది నాన్నా, చూస్తావా?" అంది. గంటలో తేలే రోగం కాదు, వదిలి వెళ్తేనే చూస్తానన్నాడు. కూతురు తల్లి దగ్గర కూర్చుని టీ తాగి, పిల్లకి జడ వేయించుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చుని తలనొప్పి అందట. నీళ్ళు అడిగిందట. పక్కనున్నామె నీళ్ళు తెచ్చేలోపు బల్ల మీదికి వాలిపోయిందట. తలలో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. అది ఎప్పటి నుంచో పలచబడి ఉంటుందట, పైకి ఏమీ తెలియదట. మేస్త్రి ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

చాలారోజులు ఆ ఇంట్లో పొయ్యిలోంచి పిల్లి లేవలేదు. టైర్ల అతని భార్య ఏదో ఒకటి వండి పెట్టి వెళ్ళేది. వీళ్ళిద్దరూ దాన్ని ఒకళ్ళ కోసం ఒకళ్ళు తిన్నట్టు చేసేవాళ్ళు.

వానలు మొదలయ్యాక అల్లుడు ఆ కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. దారిలో వేడి ముల్లు పైకి పోతుంటే రెండుచోట్ల ఆపి నీళ్ళు పోసుకుంటూ వచ్చాడట. తాళం చెవి మామగారి చేతిలో పెట్టాడు. "మీరు చూస్తారని ఎప్పుడూ అంటుండేది మామయ్యా. బాగుచేసి ఇస్తే పిల్లని ఇందులోనే బడికి తీసుకెళ్తాను. స్కూటర్ మీద తడిసిపోతోంది" అన్నాడు.

"లీకు దొరకనివ్వు బాబూ. దొరకనిదే బండి ఇవ్వను" అన్నాడు మేస్త్రి.

అది ఆయన ఎప్పుడూ అనే మాటే. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆయన మళ్ళీ పనిలోకి దిగినందుకు భార్య లోలోపల సంతోషించింది. బండి కింద పెద్ద అట్టముక్క పరిచాడు, చుక్క పడితే మరక కనబడుతుందని. పడలేదు. రేడియేటర్ మూత మార్చాడు. రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే వంచి, నొక్కి, పాతబడ్డవాటి స్థానంలో కొత్తవి వేశాడు. నీళ్ళు తోసే పంపు కింద వేలు పెట్టి చూశాడు, పొడి. చేతిపంపుతో గాలి కొట్టి రేడియేటర్‌లో ఒత్తిడి నింపి, గడియారంలా ఉండే దాని ముల్లు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. ముల్లు మెల్లగా, కునికిపాట్లు పడే మనిషి తలలా దిగిపోయేది. ఎక్కడో పోతోంది. ఎక్కడో ఆయన చెప్పడు. సుద్దముక్క గూట్లోనే ఉండిపోయింది.

వారాలు గడిచాయి. అల్లుడు ఫోను చేసినప్పుడల్లా ఆవిడే ఎత్తేది. వెతుకుతున్నారు బాబూ అనేది. అవతల వెనక నుంచి పిల్ల దగ్గు వినిపించేది. అల్లుడు ఒక్కమాట పరుషంగా అనలేదు. అంటేనే బాగుండేదేమో.

టైర్ల అతను వచ్చి బానెట్‌లోకి తొంగిచూసి, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అన్నకి దొరకని లీకేమిటి వదినా, నమ్మమంటారా?" అన్నాడు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అటు తిరిగాడు. తమ్ముడి దగ్గర ఎప్పుడూ మాటకి మాట అనే మనిషి. ఆవిడకి అప్పుడు కూడా తట్టలేదు.

ఒకరోజు దీపాలు పెట్టేవేళ, వాన పడుతోంది. భోజనానికి రమ్మని కిటికీలోంచి రెండుసార్లు పిలిచింది. ఇంజను తిరుగుతున్న చప్పుడుకి ఆయనకి వినిపించలేదు. నెత్తిన గుడ్డ కప్పుకుని షెడ్డులోకి వెళ్ళింది. కారు ఆగి ఉంది, ఇంజను నడుస్తోంది, కిటికీ అద్దాలన్నీ పైకెత్తి ఉన్నాయి. ఆయన లోపల ఉన్నాడు. స్టీరింగు దగ్గర కాదు, ఆ పక్క సీట్లో. తలుపు తడదామని చెయ్యి ఎత్తి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ముందు అద్దం లోపలివైపు మసక కమ్ముతోంది. పాలు కాగేముందు గిన్నె మూతకి ఆవిరి పట్టినట్టు, అంచుల నుంచి మెల్లగా మధ్యకి. ఆయన ముందున్న కింది మూలలో మాత్రం మసక అంటని సన్నటి గీతలు కొన్ని తేలాయి. ఒక చెవి. ఇంకో చెవి, పెద్దది. ఒకవైపే మీసాలు. గుండ్రటి వీపు, చివర ఏమీ లేదు.

బయట నుంచి చూస్తోంది కాబట్టి పెద్ద చెవి అటువైపుకి మారింది. అంతే తేడా.

ఏ ట్రాఫిక్‌లోనో ఆగినప్పుడు కూతురు పక్క సీట్లో పిల్లని నవ్వించడానికి గీసి ఉంటుంది. అద్దానికి పట్టిన జిడ్డులో ఆ వేలి జాడ ఉండిపోయింది. మామూలుగా కనబడదు, ఆవిరి పడితేనే లేస్తుంది. మేస్త్రి వేలు చాచి, అద్దానికి తగలకుండా గాలిలో ఆ గీత వెంట పోనిచ్చాడు. చెవి దగ్గర మొదలుపెట్టి వీపు చివరిదాకా వెళ్ళి, తోక ఉండాల్సిన చోట ఆగాడు.

ఆవిడ చప్పుడు చేయకుండా వంటింట్లోకి వచ్చేసింది. కాసేపాగి, అప్పుడే మొదటిసారి పిలుస్తున్నట్టు పిలిచింది.

మర్నాడు ఆయన గొట్టాలకి క్లిప్పులు కొనుక్కొస్తానని బజారుకి వెళ్ళగానే వెళ్ళి ఆ సీట్లో కూర్చుంది. చెప్పులు విడిచి కాళ్ళు పెట్టింది. కాళ్ళ కింద పరిచిన మ్యాట్ తడిగా తగిలింది. వేలితో తాకి చూస్తే జిడ్డు. లోపలంతా తియ్యటి వాసన, పాకం కాస్త మాడినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక టీచరమ్మ కారు వచ్చింది ఇదే రోగంతో. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన చెప్పిన మాట ఆవిడ చెవిలో అలాగే ఉంది: అద్దం మసకేసి, కాళ్ళ కింద తడిసి, తియ్యటి వాసన వస్తే ఇక బయట వెతకడం దండగ. వెచ్చగాలి ఇవ్వడానికి డాష్‌బోర్డు వెనక అరచేయంత రేడియేటర్ ఒకటి దాక్కుని ఉంటుంది, చిల్లు దానికే. టీచరమ్మ కారు తలుపు తీసీ తీయగానే సున్నా చుట్టానని ఆయన గొప్పగా చెప్పుకున్నాడు.

అంటే మొదటి రోజే తెలుసు ఈయనకి. అట్టముక్క, మూత, గొట్టాలు, గాలిపంపు అన్నీ చూసేవాళ్ళ కోసం. దొరికిందంటే డాష్‌బోర్డు విప్పాలి. చిల్లు పూడిస్తే అద్దానికి మసక పట్టదు. బండి గేటు దాటుతుంది.

ఆవిడకి కోపం రావాల్సింది. రాలేదు. ముందుకి వంగి అద్దం మూల మీద నోటితో ఆవిరి ఊదింది. పిల్లి వచ్చింది. చూస్తుండగానే పోయింది. మళ్ళీ ఊదింది. కళ్ళు తిరిగేదాకా ఊదుతూ కూర్చుంది. గేటు చప్పుడైతే గబగబా దిగి, చీపురు పట్టుకుని షెడ్డు ఊడుస్తున్నట్టు నిలబడింది.

ఆ తర్వాత ఫోను మోగినప్పుడు "ఇంకా దొరకలేదు బాబూ" అన్నది ఆవిడ సొంత అబద్ధం. ఇంట్లో ఇప్పుడు దొంగలు ఇద్దరు. సాయంత్రాలు ఆయన షెడ్డులో ఇంజను వేస్తే, ఆవిడ భోజనానికి పిలవడం కాస్త ఆలస్యం చేసేది. ఆయన బజారుకి వెళ్తే, ఆవిడ వెళ్ళి కూర్చునేది. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలియనట్టే గడిపారు. కూతురు పోయాక ఆ ఇంట్లో ఎదురుచూడటానికి ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఒక మధ్యాహ్నం జోరున వాన. గేటు ముందు స్కూటర్ ఆగింది. అల్లుడు పిల్లని భుజాన వేసుకుని పరుగున లోపలికి వచ్చాడు. మలుపులో బురదకి చక్రం జారిందట. పిల్ల మోకాలు చీరుకుపోయింది, గడ్డం కింద గీసుకుంది. వానకోటు పీలికలైంది. పెద్ద దెబ్బలు కావు. వెనక ఏ లారీయో వచ్చి ఉంటే అన్న మాట ఎవరూ పైకి అనలేదు. 

ఆవిడ పిల్లని వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి వేడినీళ్ళతో మోకాలు కడిగింది. పిల్ల పళ్ళ బిగువున ఓర్చుకుంది.

"నేను ఏడవలేదు అమ్మమ్మా. నాన్న ఏడ్చాడు."

మేస్త్రి మందు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"తాతయ్యా, అమ్మ కారులో ఎక్కడ కారుతోందో నీకింకా కనబడలేదా?"

ఆయన డబ్బా గట్టు మీద పెట్టి, వాన చూసేవాడిలా బయటికి వెళ్ళిపోయాడు. పిల్ల ఆయన వెళ్ళినవైపే చూసింది. ఆవిడ దూది అద్దుతూ తలదించుకుంది. మోకాలి మీద రక్తం ఆగడంలేదు. చుక్క తుడిస్తే ఇంకో చుక్క, మెల్లగా, పల్లం వెతుక్కుంటూ.

వాన తగ్గాక వాళ్ళని ఆటో ఎక్కించారు. వంగిన హ్యాండిల్ సరిచేయడానికి మేస్త్రి ఆ స్కూటర్‌ని టైర్ల కొట్టుకి తోసుకెళ్ళాడు. ఆవిడ షెడ్డులోకి వెళ్ళి గూట్లో చెయ్యి పెట్టింది. ఆ సుద్దముక్కని ఇన్నేళ్ళలో ఒక్కసారి ముట్టుకోలేదు. దుమ్ము దులిపేటప్పుడు కూడా దాని చుట్టూనే తుడిచేది. కారు తలుపు తీసి, నేల మీద మోకాళ్ళూని, డాష్‌బోర్డు కింద కాళ్ళు పెట్టుకునే చోట సున్నా చుట్టింది. నల్లటి ప్లాస్టిక్ మీద సుద్ద సరిగ్గా పడలేదు. రెండుసార్లు దిద్దింది. అయినా వంకర సున్నాయే వచ్చింది. తలుపు తెరిచే ఉంచి, వంటింటి మెట్టు మీద కూర్చుంది.

ఆయన వచ్చాడు. తెరిచిన తలుపు చూశాడు. వంగి లోపలికి చూసి, అలాగే చాలాసేపు వంగి ఉండిపోయాడు.

"ఎవరు చుట్టారిది?"

"నేనే."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మీకు తెలిసినంత ముందు నుంచి కాదు."

ఆయన వచ్చి మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. చేతుల గ్రీజు ఆరిపోయి పెచ్చులు కట్టింది. వాటినే గిల్లుతూ మాట్లాడాడు. "గంట టైముంది, చూస్తావా అంది. గంటలో తేలదన్నాను. అబద్ధం కాదది, బాగుచేయడానికి రెండు రోజులు పడుతుంది. కానీ తలుపు తీసి పక్కన కూర్చునుంటే వాసనకే తెలిసేది నాకు. గంటసేపు దాని పక్కన కూర్చునేవాణ్ణి. కూర్చుంటే ఏం పోయేది?"

 

"పిల్ల మోకాలు చూశారుగా" అంది ఆవిడ.

"చూశాను."

"మరి?"

ఆయన లేచాడు. ఆవిడ చేతిలోంచి సుద్దముక్క తీసుకుని వెళ్ళి, ఆ వంకర సున్నా మీదే ఇంకో సున్నా గుండ్రంగా, నిండుగా చుట్టాడు. పానాల పెట్టె తెరిచాడు.

డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాల్సి వచ్చింది. ఆవిడ దీపం పట్టుకుని పక్కన నిలబడింది. ఇదివరకెప్పుడూ షెడ్డులో పనివేళ నిలబడలేదు, కిటికీలోంచి చూడటమే. సందుల్లోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి: జడపిన్ను, పెన్సిలు మూత, సగం కొరికిన రబ్బరు, ఆఫీసు చొక్కా బొత్తాం. ఆయన ప్రతిదీ గుడ్డ మీద తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. చివరికి ఆ చిన్న రేడియేటర్ ఊడి వచ్చింది. వెలుతురులో తిప్పి చూపించాడు. అంచు దగ్గర సూదిమొనంత చిల్లు. చుట్టూ పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు ఉంది.

"ఇంతే" అన్నాడు. "ఇంతదానికే."



కొత్తది తెప్పించి బిగించాడు. గాలి కొట్టి ముల్లు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. ఈసారి ముల్లు కదలలేదు. టీ చల్లారిపోయింది, ఆయనా కదలలేదు. బండి బాగుపడితే ఏ మెకానిక్ మొహమైనా వెలుగుతుంది. ఆయన మాత్రం ఆ ముల్లుని, పలకరించినా పలకని మనిషిని చూస్తున్నట్టు చూశాడు.

తడిసిన మ్యాట్ ఉతికి ఆరేసింది ఆవిడ. రెండు రోజులకి తియ్యటి వాసన పూర్తిగా పోయింది. ఇక మిగిలింది అద్దం.

"తుడవాలి. ఈ జిడ్డు మీద ఎదుటి బండి లైటు పడితే ముందేమీ కనబడదు" అని ఆయన మెత్తటి గుడ్డ తెచ్చాడు. సీట్లో కూర్చుని, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ దిగాడు. "నువ్వు తుడువు. నా చెయ్యి రావడంలేదు."

ఆవిడ జన్మంతా తుడుస్తూనే ఉంది. గట్లు, గిన్నెలు, పిల్ల ముక్కు, జ్వరమొస్తే నుదురు. స్టీరింగు వైపు నుంచి మొదలుపెట్టింది. గుడ్డ తిప్పుకుంటూ, మడత మారుస్తూ మధ్యదాకా వచ్చింది. అద్దం తేటపడింది. వీధిలో తడిసిన చెట్టు, టైర్ల కొట్టు బల్ల స్పష్టంగా కనిపించాయి. మూల దగ్గరికి వచ్చి చెయ్యి ఆపింది.

"మూలేగా. ఇంత మేర వదిలేస్తే?"

ఆయన బయట నుంచి అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మూలలోంచే మనిషి అడ్డం వస్తాడు" అన్నాడు చివరికి.

ఆవిడ తుడిచింది. మొదట చెవులు, తర్వాత వీపు. చూస్తే ఏమీ లేదు అక్కడ, ముందూ లేదు, తర్వాతా లేదు. గుడ్డ మీద కాస్త జిడ్డు.

ఆదివారం అల్లుడు, పిల్ల వచ్చారు. చినుకులు పడుతున్నాయి. అల్లుడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. పిల్ల మోకాలికి కట్టుతోనే పక్క సీట్లోకి ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ముందుకి వంగి అద్దం మూలలో ఊదింది. ఆవిరి పట్టింది. కాసేపు చూసింది. మళ్ళీ ఇంకాస్త గట్టిగా ఊదింది.

"పిల్లి ఏదీ?"

 పిల్లకీ తెలుసునని, పిల్ల కూడా దాని కోసమే ఇన్నాళ్ళూ కారు అడుగుతోందేమోనని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పెద్దవాళ్ళు తమ దుఃఖమే దుఃఖమనుకుంటారు. ఆవిడ నోరు తెరవబోయింది.

"నేనే తుడిచేశానమ్మా" అన్నాడు మేస్త్రి ముందుగా. "అది ఉంటే నాన్నకి దారి కనబడదు."

పిల్ల ఏడవలేదు. పెదవులు బిగించింది, మోకాలు కడిగినప్పటిలాగే. ఆయన తలుపు దగ్గర వంగి కిటికీలోకి తల పెట్టాడు.

"నువ్వు గీయి."

"అద్దం మీద గీస్తే తాతయ్య తిడతాడని అమ్మ చెప్పింది."

  "దుమ్ము మీద గీస్తే తిడతాను. ఆవిరి మీద గీస్తే ఎందుకు తిడతాను?"

పిల్ల ఊదింది. చాలలేదు. ఆయన కూడా ఊదాడు, ముసలి ఊపిరి, మధ్యలో దగ్గు వచ్చింది. ఆ ఇద్దరి ఆవిరి మీద పిల్ల వేలితో గీసింది. చెవులు రెండూ ఒకటే సైజు. మీసాలు రెండువైపులా. ఇది ఆ పిల్లి కాదు. వీపు గీసి చివరికి వచ్చాక కాసేపు ఆలోచించి, తోక పెట్టకుండా వేలు తీసేసింది.

కారు గేటు దాటింది. పిల్ల చెయ్యి ఊపింది. వేడి ముల్లు ఎక్కడుందో చూసుకోమని మేస్త్రి అల్లుడికి రెండోసారి గుర్తుచేశాడు. మలుపు తిరిగేదాకా ఇద్దరూ గేటు పట్టుకుని నిలబడ్డారు.

"ఈపాటికి ఆరిపోయుంటుంది" అన్నాడాయన.

"మళ్ళీ ఊదుకుంటుందిలెండి."

టైర్ల అతను కొట్టులోంచి కేకేశాడు: "మొత్తానికి ఎక్కడ దొరికిందన్నా ఆ లీకు?"

"లోపల" అన్నాడు మేస్త్రి. అంతకంటే చెప్పలేదు. ఖాళీ అయిన చోట నేల మీద అట్టముక్క అలాగే పరిచి ఉంది. తీసి రెండువైపులా తిప్పి చూశాడు. ఒక్క మరక కూడా లేదు. దాన్ని గోడకి ఆనించి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

ఆ ఇంట్లో ఉతకని గుడ్డ ఉండదు. ఆ అద్దం తుడిచిన గుడ్డని మాత్రం ఆవిడ సబ్బు బకెట్‌లో వేయలేదు. నాలుగు మడతలు పెట్టి, గూట్లో సుద్దముక్క పక్కన ఉంచింది. ఆయన చూశాడు.